నాలుగు క్షణాల చెవుడు

పుంజు గరగరమన్నప్పుడు మూడడుగులు వెయ్యి, ఆగు. ఒక కాలు గాల్లో ఉన్నా సరే, ఆగు. మళ్లీ గరగర మొదలయ్యేదాకా ఊపిరి కూడా మెల్లగా పీల్చు. ఫిన్లాండులో, స్వీడన్‌లో, రష్యాలో, ఆల్ప్స్ కొండల్లోని ఆస్ట్రియా, బవేరియాల్లో మెత్సో వేట తరతరాలుగా ఈ లెక్క మీదే నడిచింది.

మెత్సో అన్నది ఫిన్నిష్ పేరు. ఇంగ్లిషువాళ్లు కాపర్‌కేలీ అంటారు. గ్రౌస్ అనే అడవికోళ్ల కుటుంబంలో ఇదే అన్నిటికన్నా పెద్దది. పుంజు నాలుగైదు కిలోలు తూగుతుంది, పెట్ట అందులో ఇంచుమించు సగం. పుంజు ఒళ్లు నలుపు, రొమ్ము మీద ఆకుపచ్చ మెరుపు, కంటి పైన ఎర్రటి తోలు, గొంతు కింద గడ్డంలా ఈకల గుత్తి. మంచు కరగడం మొదలైన ఏప్రిల్ రోజుల్లో, ఇంకా చీకటి ఉండగానే, పుంజులు ఏటా చేరే చోటికే మళ్లీ చేరి ఒక్కొక్కటి ఒక్కో పైన్ చెట్టెక్కి పాట అందుకుంటాయి. వెలుతురు వచ్చాక నేల మీదికి దిగి తోక విసనకర్రలా విప్పి, మెడ నిటారుగా చాచి, అదే పాట పాడుతూ పచార్లు చేస్తాయి. ఇంత భారీ పక్షి నుంచి ఇంత చిన్న గొంతా అనిపిస్తుంది. మొదట ఆగి ఆగి టక్, టక్. ఆ టక్కులు దగ్గరపడి ఒకదాని మీద ఒకటి పడతాయి. సీసా బిరడా ఊడిన చప్పుడొకటి. ఆ వెంటనే కత్తి నూరుతున్న గరగర, మూడు నాలుగు సెకన్లు.

ఆ మూడు నాలుగు సెకన్లు పుంజుకు ఏమీ వినపడదు. నోరు పెద్దగా తెరిచినప్పుడు లోపలి కండ ఒత్తుకుని చెవి దారి మూసుకుపోతుందని శరీరశాస్త్రం తెలిసినవాళ్లు చెప్తారు. వాళ్లు ఆ కారణం కనిపెట్టడానికి ఎంతో ముందే వేటగాళ్లు దాన్ని అడుగుల్లోకి మార్చుకున్నారు. పుంజు కంటపడే ప్రమాదం మాత్రం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చీకట్లోనే నడవాలి, చెట్టుచాటునే ఆగాలి. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఈ పుంజును దుప్పుల సరసన చేర్చి పెద్దవేట కింద లెక్కగట్టేవారు. పెద్దవేట అంటే దొరల హక్కు, మామూలు రైతుకు అందనిది.

నేనుండే టాంపెరెలో ఊరి పెద్ద లైబ్రరీ పేరు మెత్సో. రైలి, రెయిమా పియెతిలా అనే భార్యాభర్తలు, తోక విప్పి ఆడుతున్న మెత్సో పుంజును మనసులో పెట్టుకుని గీసిన కట్టడం, 1986లో తెరిచారు. ఉద్యోగం మీద వచ్చిన కొత్తలో వానొస్తే తలదాచుకోవడానికి అందులోకే పోయేవాణ్ని, అది పక్షని మాత్రం తట్టలేదు. నేల మీద నిలబడితే తెలియదు, పైనుంచి చూడాలి. తర్వాత కెమెరా కొని, అసలు పక్షి కోసం అడవులు పట్టుకు తిరగడం మొదలుపెట్టాను. తిరిగేకొద్దీ ఈ సరదా ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించింది. ఎంత వెనక్కి వెళ్లినా ప్రతి మలుపులోనూ తుపాకీ పట్టుకున్నవాడే ఎదురయ్యాడు. కెమెరావాళ్లం మేం కొత్తగా కనిపెట్టింది చాలా తక్కువ. మాటు, వేకువ, కదలకుండా కూర్చోవడం, అన్నీ వేట నుంచి అరువు తెచ్చుకున్నవే.

కెమెరాకన్నా ముందు కుంచె వచ్చింది. కువోపియో దగ్గర హామినలాహ్తిలో పుట్టిన ఫెర్డినాండ్ ఫాన్ రైట్, తన అన్నలు మాగ్నుస్, విల్‌హెల్మ్‌ల మాదిరే పక్షుల చిత్రకారుడు. 1884లో పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు, అయినా బొమ్మలు వేయడం మానలేదు. 1886లో గీసిన ‘పోట్లాడుతున్న మెత్సోలు’ ఇప్పుడు హెల్సింకిలోని ఆతెనెయుమ్ మ్యూజియంలో ఉంది. దాని అచ్చుబొమ్మ వేలాడదీయని ఫిన్నిష్ ముసలమ్మ ఇల్లు ఉంటుందా అని ఇక్కడివాళ్లే నవ్వుకుంటారు. రెండు పుంజులు రెక్కలు విదిల్చి కలబడుతున్న ఆ క్షణం ఏ కెమెరాకూ అప్పట్లో చిక్కేది కాదు. స్వీడన్‌లో బ్రూనో లిల్యెఫోర్స్ 1888లో ఇదే ఆటను గీశాడు. ఆయన చేయి తిరిగిన వేటగాడు, ఆయన బొమ్మల్లోని పక్షికి బరువు ఉంటుంది. కాల్చిన పక్షిని చేత్తో ఎత్తి చూసినవాడికి మాత్రమే తెలిసే బరువది.

ఫొటోలు ఎందుకు ఆలస్యమయ్యాయో తెలియాలంటే అప్పటి గాజుపలకల సంగతి తెలియాలి. ఒక్కో ఫొటోకు ఒక్కో పలక. నల్లటి చెక్క చట్రంలో పెట్టి కెమెరా వెనక దూర్చాలి, మూత లాగాలి, కాంతి చూపాలి, మూత పెట్టాలి, చట్రం తిప్పి రెండో వైపు పలకకు సిద్ధం కావాలి. మంచి ఎండలో కూడా ఆ పలకలు మందకొడివి. మెత్సో ఆడేదేమో సూర్యుడు రాకముందు, కొమ్మలు కమ్ముకున్న అడవిలో. ఒంటి రంగు నలుపు, ఆపైన ఒక్కచోట నిలబడదు. అందుకే తొలితరం పక్షి ఫొటోగ్రాఫర్లలో చాలామంది గూళ్ల దగ్గరే తచ్చాడారు. గూడు కదలదు, తల్లి పట్టపగలు కూడా వచ్చి పొదుగుతుంది.

ఆ తరంలో ముందు చెప్పుకోవలసింది యార్క్‌షైర్ పల్లెలో పుట్టిన కియర్టన్ అన్నదమ్ములను. 1892 వసంతంలో చెర్రీ కియర్టన్ ఒక పాటపిట్ట గూటిలోని గుడ్లను ఫొటో తీశాడు. 1895లో అన్న రిచర్డ్ రాతతో, చెర్రీ ఫొటోలతో బ్రిటన్ పక్షుల గూళ్ల మీద పుస్తకం వచ్చింది. పూర్తిగా ప్రకృతిలో తీసిన ఫొటోలతోనే వెలువడిన మొదటి పుస్తకంగా దాన్ని చెప్పుకుంటారు. వాళ్ల మాటుల గురించి చదువుతుంటే నవ్వాగదు. డొల్లగా చేసిన చెట్టు మొద్దు, రాళ్లకుప్ప, గొర్రె, చివరికి 1900లో ఎద్దు తోలు కుట్టి లోపల కర్రలు పెట్టిన బొమ్మ ఎద్దు. మనిషి అందులో దూరి ఒక రంధ్రం నుంచి లెన్స్ బయట పెట్టాలి. ఒకసారి రిచర్డ్ అందులోనే సొమ్మసిల్లితే, ఎద్దు నాలుగు కాళ్లూ పైకెత్తి వెల్లకిలా పడిందని, తమ్ముడు ముందు ఫొటో తీసి ఆ తర్వాతే అన్నను బయటికి లాగాడని చెప్పుకుంటారు. తమ్ముళ్లంతా ఇంతే.

ఆ ఎద్దు చాటు కూడా కియర్టన్ల సొంత తెలివి కాదు. గుర్రాన్నో ఎద్దునో ముందు నడిపించి దాని వెనక నక్కి పిట్టల మీదికి వెళ్లడం యూరప్ వేటగాళ్ల పాత విద్య. మన దక్కన్‌లో పార్ధీలనే వేట తెగవాళ్లు మచ్చిక చేసిన ఆవును ముందు తోలుకుంటూ వెళ్లి కౌజులకు ఉచ్చులు పన్నేవారు. మాది నందికొట్కూరు వైపు. దగ్గర్లోనే రోళ్లపాడు, అక్కడి గడ్డిమైదానంలో బట్టమేక పిట్టలు ఉండేవి. అది గ్రౌస్ కాదు, అడవి పక్షి అసలే కాదు. కానీ మగది మెడ కింద తెల్లటి సంచిని నేల తాకేంతగా ఊదుకుని, తోక వీపు మీదికి మడిచి, లోతైన మూలుగుతో పెట్టలను పిలిచే తీరు చూస్తే మెత్సోకు దూరపు చుట్టమనిపిస్తుంది. బట్టమేకకు మనిషంటే బెదురు, ఎద్దుల బండి అంటే మాత్రం లెక్కలేదు. తెల్లదొరల కాలంలో షికారీలు బండెక్కి, చుట్టూ తిప్పించి తిప్పించి దగ్గరికి చేరేవారు. 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. బండి పోయి జీపు వచ్చింది, తుపాకీ పోయి కెమెరా వచ్చింది, దగ్గరికి చేరే పద్ధతి అదే. పక్షి మాత్రం మిగల్లేదు. చాలా ఏళ్లుగా అక్కడ బట్టమేక జాడ దాదాపు లేదు. చేలు ఎక్కువై, గడ్డి తగ్గి, కుక్కలు పెరిగి, అన్నీ కలిసి.

గ్రౌస్ దగ్గరికి వద్దాం. ఈ కథలో నాకు బాగా నచ్చేది సెలూస్ అన్నదమ్ములు. అన్న ఫ్రెడరిక్ కోర్ట్‌నీ సెలూస్ ఆఫ్రికాలో ఏనుగులు, సింహాలు కాల్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాడు. తమ్ముడు ఎడ్మండ్ కూడా కుర్రతనంలో పిట్టలు కాల్చాడు, తర్వాత తుపాకీ పక్కన పడేసి, చంపి చూడటంకన్నా బతికుండగా చూడటంలోనే చదువు ఉందని వాదించడం మొదలుపెట్టాడు. మెత్సోకు చిన్న చుట్టమైన నల్ల గ్రౌస్ కోసం స్కాండినేవియా వెళ్లి, తెల్లవారుజామున చాటున కూర్చుని, పుంజులు ఏం చేస్తే అది అప్పటికప్పుడు రాసుకున్నాడు. ఆ దినచర్య 1909, 1910లలో ‘ది జువాలజిస్ట్’ పత్రికలో అచ్చయింది. ఆడది మగవాణ్ని ఎంచుకుంటుందని 1871లో డార్విన్ రాస్తే పెద్దమనుషులు చాలామంది ఒప్పుకోలేదు. పుంజులు కొట్టుకుంటాయి, గెలిచినవాడిది పెట్ట, అంతే కదా అన్నారు. ఎడ్మండ్ చూసింది వేరు. పెట్ట ఆటస్థలంలోకి తాపీగా నడిచొచ్చి, ఎగిరెగిరి పడుతున్న పుంజులను ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి, తనకు కావలసిన దాని దగ్గర ఆగుతుంది. తుపాకీవాడు ఇది ఎన్నోసార్లు చూసే ఉంటాడు. కానీ వాడి కళ్లు ఎప్పుడూ పుంజు మీదే, తీరా పెట్ట వచ్చే వేళకు మందు పేలేది.

కెమెరా అడవి చీకటికి తగినంత ఎదగడానికి ఇంకో ముప్పై నలభై ఏళ్లు పట్టింది. అందులో ఒక పక్షి పిచ్చివాడి చేయి ఉంది. గోథెన్‌బర్గ్ వ్యాపార కుటుంబంలో పుట్టిన విక్టర్ హాసెల్‌బ్లాడ్‌కు చిన్నప్పటి నుంచీ పక్షుల ఫొటోలే లోకం. 1935లో వలస పక్షుల మీద పుస్తకం కూడా వేశాడు. 1940లో స్వీడన్ వైమానిక దళం తమ చేతికి చిక్కిన ఒక జర్మన్ కెమెరా చూపించి ఇలాంటిది చేయగలవా అని అడిగితే, ఇలాంటిది కాదు, ఇంతకన్నా మంచిదే చేస్తానన్నాడని అక్కడ కథగా చెప్పుకుంటారు. యుద్ధం అయ్యాక 1948లో న్యూయార్క్‌లో తన సొంత కెమెరాను బయటపెట్టాడు. చేతిలో ఇమిడేది, లెన్స్ మార్చుకోవచ్చు, ఫిల్ము పెట్టె విడదీసి వేరేది తగిలించవచ్చు. గాజుపలక చట్రాలతో కుస్తీ పట్టినవాడికే ఆ సుఖం విలువ తెలుస్తుంది. ఆ వంశం కెమెరాలే 1969లో చంద్రుడి మీదికి వెళ్లాయి. పిట్టల కోసం కలగన్నవాడి కెమెరా అంత దూరం పోయింది, పిట్టల ఫొటోగ్రాఫర్లకు మాత్రం దాని ధర ఎన్నడూ అందలేదు.

ఇక మాటు సంగతి. టాంపెరెకు ఉత్తరాన ఒక బురదనేల ఉంది. ఎక్కడో చెప్పను. ఇక్కడ అడవిలో ఎవరైనా ఎక్కడైనా నడవొచ్చు, ఆ హక్కు అందరిదీ. కాబట్టే పక్షులాడే చోటు పేరు బయట పెట్టకపోవడం మర్యాద. ఆ నేల అంచున ఒక పెద్దాయన ప్లైవుడ్ గది కట్టి ఫొటోలవాళ్లకు అద్దెకిస్తాడు. సరిగ్గా అదే చోట ఆయన తండ్రి స్ప్రూస్ కొమ్మలతో చాటు కట్టుకుని తుపాకీతో కూర్చునేవాడట. మన కౌజు వేటలో దీమం పిట్టను పెట్టినట్టే, చలికాలంలో బర్చ్ చెట్ల కొసలకు గుడ్డతో చేసిన బొమ్మ గ్రౌస్‌లను కట్టి అసలు గుంపును దించేవారని ఆయనే చెప్పాడు. ఆయన షరతు ఒకటే: రాత్రి చీకటి పడేలోపు లోపలికి, పొద్దున పక్షులన్నీ పోయాకే బయటికి. మధ్యలో చలేసినా, ఇంకేదైనా వేసినా, బకెట్ ఉంది.

గదిలో కూర్చుంటే ముందు చెవులకే పని. ఇంకా ఏమీ కనపడదు, రెక్కల ఊపు గది కప్పు మీదుగా వెళ్లి ఎక్కడో దిగుతుంది. ఒక బుస్సు. అవతల నుంచి ఇంకో బుస్సు. ఆ తర్వాత నేల అంతటా గులగులమని మోత లేస్తుంది. నల్ల గ్రౌస్ పుంజులివి, మెత్సోకన్నా చాలా చిన్నవి, రెండు పక్కలకూ వంపు తిరిగిన తోక, తోక కింద తెల్లటి కుచ్చు. ఆ తెలుపే మొదట కనిపిస్తుంది, చీకట్లో ఒంటరిగా కదులుతున్న తెల్లటి మచ్చలు. ఐఎస్ఓ 6400కు పెంచినా షట్టర్ ఇంకా చాలదు. లెన్స్ అద్దం మీద ఊపిరి గడ్డకడుతుంది. ముందు నిలబడ్డ పుంజు మెడ నేలకు దించి ఊదుతుంటే, మెడ ఈకల మీది మంచు పొడి ఊదిన ప్రతిసారీ అదిరి రాలుతోంది. కంటి పైన ఎర్రటి తోలు ఉబ్బి, చిన్న చిన్న బుడిపెలతో కాకరకాయ పైతొక్కలా ఉంది. పక్కనున్నది ఒక్క గెంతు గెంతి దాని మీద పడింది, రెండూ ముక్కులు పట్టుకుని గుండ్రంగా తిరిగాయి, విడిపోయాయి, ఏమీ జరగనట్టు మళ్లీ ఊదుకోవడం.

మెత్సో అయితే ఆ పెద్దాయన పాఠం వేరు. పాత కెమెరాల షట్టర్ చప్పుడుకు పుంజు పాట ఆపేసేదట. అందుకని బిరడా ఊడాక, గరగర నడుస్తున్నప్పుడే లెన్స్ జరపాలి, అప్పుడే మీట నొక్కాలి. ‘మా నాన్న కాల్చింది కూడా అప్పుడే’ అన్నాడు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాకు చప్పుడే లేదు, ఆ నాలుగు సెకన్ల లెక్క ఎవరికీ అక్కర్లేదు. కుర్ర ఫొటోగ్రాఫర్లకు పుంజు పాటలో ఆ భాగం ఏదో కూడా తెలియదు.

వసంత వేటకు అడ్డుపడింది కాగితం. 1979లో యూరప్ దేశాలు పక్షుల రక్షణకు ఒప్పుకున్న నిబంధన ప్రకారం గుడ్లు పెట్టే కాలంలో వేట కూడదు. ఆస్ట్రియాలో కొన్ని రాష్ట్రాలు దొరల కాలపు వసంత వేటను వదలలేక సందులు వెతికితే, 2007లో యూరోపియన్ న్యాయస్థానం తప్పుపట్టింది. ఫిన్లాండులో శరదృతువు వేట ఇప్పటికీ ఉంది. ఇక్కడ ఆగస్టులో అడవికి వెళ్లి గ్రౌస్‌లను లెక్కపెట్టేది కూడా ఎక్కువగా వేటగాళ్ల సంఘాలే. నాలుగేసి కిలోమీటర్ల భుజాలున్న త్రికోణం గీసుకుని, వరసగా నడిచి, లేచిన ప్రతి పక్షినీ రాసుకుంటారు. 1980ల చివర మొదలైన ఆ లెక్కే పరిశోధకులకు ఆధారం. పచ్చటి కబుర్లు చెప్పే మా ఫొటోగ్రాఫర్లలో ఎంతమంది వాన పడుతుంటే ఆ పన్నెండు కిలోమీటర్లు నడుస్తారని అడగాలనిపిస్తుంది.

కాగితం కెమెరా దాకా వచ్చింది స్కాట్లాండులో. అక్కడ అడవులు నరికి, వేటాడి, 18వ శతాబ్దం చివరికి కాపర్‌కేలీని తుడిచిపెట్టేశారు. మళ్లీ తెచ్చింది కూడా వేట సరదా ఉన్న దొరలే. 1837, 1838లలో పెర్త్‌షైర్‌లో టేమౌత్ దొర బ్రెడాల్బేన్ ఎస్టేట్‌లో స్వీడన్ నుంచి తెచ్చిన పక్షులను వదిలారు. అవి పిల్లాపాపలతో పెరిగి 1970ల నాటికి దాదాపు 20,000 అయ్యాయని అంచనా. అక్కడి నుంచి పతనం. దుప్పుల కోసం వేసిన కంచె తీగలకు గుద్దుకుని చావడం, పిల్లలు బయటికొచ్చే జూన్‌లో వానలు, నక్కలు, మనుషుల సందడి. 2021–22 చలికాలపు లెక్కలో మిగిలినవి 542. 1998లో టీవీలో ప్రకృతి కార్యక్రమాల అటెన్‌బరో మీదికి దూకి ఆయన్ను వెల్లకిలా పడేసిన పొగరుబోతు పుంజు ఈ స్కాట్లాండుదే. 

2004 చట్టం ప్రకారం ఆటస్థలంలో కాపర్‌కేలీని కావాలనో నిర్లక్ష్యంగానో కదిలిస్తే నేరం. లైసెన్సు లేకుండా ఫొటో కోసం మాటు వేస్తే ఆ నేరంలో పడే ప్రమాదం ఉంది. కారణం తేలికగానే అర్థమవుతుంది. మనిషిని చూసి ఒక ఉదయం పుంజు ఎగిరిపోతే, ఆ ఉదయం వచ్చిన పెట్ట తిరిగి వెళ్లిపోతుంది. పెట్టలు వచ్చే రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వందల్లో మిగిలిన చోట ఒక్క పొద్దు కూడా ఖరీదైనదే. అక్కడి పక్షి సంరక్షణ సంఘం లాక్ గార్టెన్ దగ్గర చాలా ఏళ్లు ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే తమ కేంద్రం తలుపులు తీసేది. జనం అడవిలోకి చొరబడకుండా గది కిటికీలోంచే చూసి వెళ్లిపోవాలని. తాళం వేసి కాపలా కాయడంకన్నా ఇది మంచి పద్ధతని నాకనిపిస్తుంది.

ఇప్పుడు స్వీడన్‌లో, ఫిన్లాండులో మెత్సో మాటులు రాత్రికింత అని అమ్ముతున్నారు. కొందరు బాగా నడుపుతున్నారు, మరికొందరు తెల్లవారకుండానే మనుషులను మార్చి కూర్చోబెడుతున్నారు. మరోపక్క పరిశోధకులు చెట్లకు రికార్డర్లు కట్టి, టక్కుల వరసను బట్టి ఏ పాట ఏ పుంజుదో గుర్తుపట్టే పని చేస్తున్నారు. అక్కడ మనిషి కూర్చోనవసరమే లేదు. నేను మెత్సో దగ్గరికి వెళ్లడం మానేశాను. నల్ల గ్రౌస్ దగ్గరికి మాత్రం పోతూనే ఉన్నాను. అది బహిరంగ నేల మీద ఆడుతుంది, గది దూరంగా ఉంటుంది, ఫిన్లాండులో దాని సంఖ్య ఇంకా లక్షల్లో ఉంది. పెద్దాయనకు ఈ వాదన అంతగా ఎక్కలేదు. మెత్సో గది కూడా కట్టి పెట్టాడు కదా, దానికి అద్దె ఎవరిస్తారని అడుగుతున్నాడు.